హోవర్డ్ కోనన్ కథలు, డెల్ రే మూడు పుస్తకాల సెట్: పూర్తిగా చదివాక రాస్తున్న రివ్యూ

మూడు పుస్తకాలూ అయిపోయి వారం దాటింది, ఇంకా బుర్రలోంచి పోవట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. అమెరికన్ రచయిత రాబర్ట్ ఇ. హోవర్డ్ కోనన్ అనే వీరుడి మీద రాసిన కథలన్నీ డెల్ రే అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 2003 నుంచి 2005 లోపు మూడు సంపుటాలుగా వేశారు, అదీ ఈ సెట్. సోర్డ్ అండ్ సార్సరీ అంటారు కదా, ఒక కత్తి, ఒక మాంత్రికుడు, ఒక పాడుబడ్డ కోట, మధ్యలో ఎవడి ప్రాణం వాడు కాపాడుకునే ఒక మొండివాడు, ఆ రకం కథలకి మూలం అనదగ్గవి ఇవే. నేను చాలా ఏళ్ళు వీటి జోలికి పోలేదు. కారణం ఒక్కటే, ఆ బొమ్మ. కండలు తిరిగిన మనిషి, చేతిలో కత్తి, కాళ్ళ దగ్గర ఒక అమ్మాయి. అది చూసి లోపల ఏముంటుందో నాకు తెలుసులే అనుకున్నా. ఏమీ తెలీదని మొదటి పుస్తకం మొదటి కథలోనే అర్థమైంది.

ఆ బొమ్మ హోవర్డ్ బతికుండగా వచ్చింది కాదు. ఆయన 1936 లో పోయాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి, 1966 నుంచి లాన్సర్ అనే కంపెనీ పేపర్‌బ్యాక్‌లు వేస్తే, వాటి అట్టల మీద ఫ్రాంక్ ఫ్రజెటా వేసిన పెయింటింగులు జనం మనసులో ముద్ర పడిపోయాయి. 1970 లో మార్వెల్ కామిక్స్ వచ్చాయి, 1982 లో ష్వార్జెనెగర్ సినిమా వచ్చింది, ఇక కోనన్ అంటే ఆ ఒళ్ళే అయిపోయింది. ఫ్రజెటా గొప్ప ఆర్టిస్టు, అందులో మాట లేదు, కానీ ఆ అట్ట చూసి కొన్నవాళ్ళు ఒక రకం, అట్ట చూసి కొననివాళ్ళు ఇంకో రకం, ఇద్దరూ లోపలున్న మనిషిని సరిగ్గా చూడలేదని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఎందుకంటే వినండి. కోనన్ పేరుతో అచ్చయిన మొట్టమొదటి కథ ద ఫీనిక్స్ ఆన్ ద స్వోర్డ్, వియర్డ్ టేల్స్ అనే పత్రికలో 1932 డిసెంబర్ సంచికలో వచ్చింది. అందులో హీరోని మనం మొదటిసారి చూసేటప్పటికి ఆయన రాజు, బల్ల ముందు కూర్చుని మ్యాప్ గీస్తున్నాడు. అవును, మ్యాప్. ఆస్థానంలో ఉన్న మ్యాపుల్లో దక్షిణాన, తూర్పున ఉన్న దేశాలన్నీ ఉన్నాయి కానీ ఉత్తరాన ఉన్న తన సొంత ఊళ్ళ సంగతి ఎవడికీ సరిగ్గా తెలీదు, అందుకని ఆ ఖాళీని ఆయనే కూర్చుని పూరిస్తున్నాడు. పక్కన ఒక స్నేహితుడు, మీ దేశం ఎలా ఉంటుంది అని అడిగితే, కొండలూ చీకటి అడవులూ మబ్బు పట్టిన ఆకాశమూ అని చెప్తాడు. తర్వాత మనసులో మాట బయటపెడతాడు. పాత రాజు దుర్మార్గుడు, వాడిని చంపి సింహాసనం ఎక్కినప్పుడు జనం నెత్తిన పెట్టుకున్నారు, ఇప్పుడు అదే జనం ఆ చచ్చినవాడి విగ్రహం గుడిలో పెట్టి దండాలు పెడుతూ తనని పరాయివాడని తిడుతున్నారు. గెలవడం తెలిసింది, ఏలడం తెలీట్లేదు అనే బాధ. తన మీద జనాన్ని రెచ్చగొడుతూ పాటలు కట్టే కవి ఒకడుంటే, వాడిని చంపించెయ్యమని సలహా వస్తుంది, ఒప్పుకోడు, గొప్ప కవి రాజుకంటే పెద్దవాడు అంటాడు. ఆ కవే తర్వాత కుట్రదారులతో కలిసి కత్తి పట్టుకుని మీదకి వస్తాడు. కోనన్ ఒక్క క్షణం తటపటాయిస్తాడు, ఆ క్షణంలోనే పోటు పడుతుంది. చవక పత్రికల కోసం రాసే ఒక పల్ప్ కథ, అది కూడా పత్రిక వాళ్ళు మాటకి ఇంత అని లెక్కకట్టి కొన్న కథ, ఇలా మొదలవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇక పుస్తకాల సంగతి. మొదటిది ద కమింగ్ ఆఫ్ కోనన్ ద సిమ్మేరియన్, 13 కథలు, 450 పేజీలు దాటుతుంది, బొమ్మలు మార్క్ షుల్ట్జ్. రెండోది ద బ్లడీ క్రౌన్ ఆఫ్ కోనన్, ఇందులో మూడే కథలు కానీ మూడూ పెద్దవి, అందులో ఒకటి హోవర్డ్ రాసిన ఒకే ఒక్క కోనన్ నవల, బొమ్మలు గ్యారీ జియాని. మూడోది ద కాంకరింగ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్, అయిదు కథలు, బొమ్మలు గ్రెగరీ మాన్చెస్. సంపాదకుడు పాట్రిస్ లూయినే, ఫ్రెంచ్ ఆయన. ఈ సెట్‌కి ఉన్న అసలు విలువ ఆయన చేసిన పనిలోనే ఉంది. పాత లాన్సర్ పుస్తకాల్లో స్ప్రేగ్ డి కాంప్, లిన్ కార్టర్ అనే ఇద్దరు రచయితలు కలిసి కథల్ని కోనన్ వయసు ప్రకారం, కుర్రతనం నుంచి ముసలితనం దాకా వరసగా పేర్చారు, మధ్యలో ఖాళీలు ఉన్నచోట సొంత కథలు రాసి కలిపారు, హోవర్డ్ వాక్యాల్ని కూడా అక్కడక్కడా దిద్దారు. లూయినే అవన్నీ తీసేసి, దొరికినంతవరకు హోవర్డ్ టైప్ చేసిన ప్రతులు పట్టుకుని, ఏ కథ ఎప్పుడు రాశాడో ఆ వరసలో పెట్టాడు.

ఇది చిన్న తేడా అనుకుంటారు, కాదు. హోవర్డ్ రాసిన వరసలో చదివితే కోనన్ ముందు రాజుగా కనిపిస్తాడు, తర్వాత మంచులో పోరాడే కుర్రాడుగా, తర్వాత దొంగగా, మళ్ళీ రాజుగా, తర్వాత సముద్రపు దొంగగా. ఒక ముసలాయన తన జీవితంలో జరిగినవి ఏవి గుర్తొస్తే అవి చెప్పుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. వరసగా పేరిస్తే అదొక జీవితచరిత్ర అయిపోతుంది, ఇలా ఉంటే ప్రతి కథా దానికదే నిలబడుతుంది.

దీనికంటే ముందు నేను వేరే చోట చవగ్గా దొరికిన ఒక ఈబుక్ కొన్నా, పేరు చెప్పను. పేజీల్ని స్కాన్ చేసి అలాగే వదిలేసినట్టున్నారు, అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఒక కథ సగంలో ఆగిపోయి వెంటనే ఇంకో కథ మధ్యలోంచి మొదలై, హోవర్డ్‌వి కాని కథలు కూడా ఆయన పేరు కిందే పెట్టేసి. దాన్ని చదివి ఇదేనా ఇంత పేరున్న రచన అని వదిలేసినవాళ్ళు ఎంతమంది ఉంటారో అని ఇప్పుడు బాధగా ఉంటుంది. కొనేముందు సంపాదకుడి పేరు చూసుకోండి, పేరే లేకపోతే వద్దు.

మొదటి పుస్తకం చివర్లో ఉన్న అదనపు పేజీలు మాత్రం దాటెయ్యకండి. ఫీనిక్స్ కథ మొదటి చిత్తుప్రతి ఉంది. దాని కథ కూడా బాగుంటుంది: హోవర్డ్ అంతకుముందు కల్ అనే రాజు మీద ఒక కథ రాశాడు, అందులో మంత్రం లేదు తంత్రం లేదు, గొడ్డలి పట్టుకున్న రాజు, ఒక ప్రేమ జంట, ఒక కుట్ర, అంతే. ఎవరూ తీసుకోలేదు. కొన్నేళ్ళకి దాన్నే బయటికి తీసి, ప్రేమ జంటని తీసేసి, ఒక మాంత్రికుణ్ణి దింపి, రాజు పేరు మార్చాడు. కోనన్ పుట్టింది తిరిగొచ్చిన కథలోంచి. హైబోరియన్ ఏజ్ అని తన ఊహాప్రపంచానికి ఆయనే రాసుకున్న చరిత్ర వ్యాసం కూడా ఉంది, అది కాస్త పొడిగా ఉంటుంది, పేర్లు పేర్లు పేర్లు, మొదట చదవకండి. లూయినే రాసిన వ్యాసం మూడు పుస్తకాల్లో మూడు భాగాలుగా ఉంటుంది, అది కథలన్నీ అయ్యాకే, లేకపోతే ముగింపులు తెలిసిపోతాయి.

ఈ కథలు ఎలాంటి చోట పుట్టాయో తెలిస్తే కొన్ని విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. వియర్డ్ టేల్స్ 1923 లో మొదలైన పత్రిక, ఫార్న్స్‌వర్త్ రైట్ అని ఆయన సంపాదకుడు. పల్ప్ అంటే చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం, కొన్నాళ్ళకే పసుపుపచ్చగా మారి పొడి రాలిపోతుంది, ఆ కాగితం పేరే ఈ రచనలన్నిటికీ వచ్చింది. మాటకి అర సెంటు, బాగా పేరొస్తే ఒక సెంటు, అదీ పత్రిక అచ్చయ్యాకే చేతికొచ్చేది, చాలాసార్లు అప్పుడు కూడా రాదు. టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో, డాక్టరైన నాన్న ఇంట్లో, క్షయతో ఉన్న అమ్మని చూసుకుంటూ ఒక గదిలో టైప్‌రైటర్ ముందు కూర్చుని హోవర్డ్ ఇవన్నీ రాశాడు. 1935 లో ఆ పత్రిక తనకి 800 డాలర్లకు పైగా బాకీ ఉంది, ఇంట్లో వైద్యం ఖర్చులున్నాయి అని సంపాదకుడికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో నూనె బావులు పడి, రాత్రికి రాత్రి డబ్బు, జనం, మోసం, కొట్లాటలు వచ్చి, నూనె అయిపోగానే అన్నీ పోవడం ఆయన చిన్నప్పటి నుంచీ చూశాడు. ఆయన కథల్లో ప్రతి గొప్ప నగరమూ లోపల కుళ్ళి ఎందుకుంటుందో ఈ ఒక్క సంగతి చాలావరకు చెప్తుంది.

అట్టబొమ్మల సంగతీ అంతే. అప్పట్లో వియర్డ్ టేల్స్ అట్టలు ఎక్కువగా వేసింది మార్గరెట్ బ్రండేజ్, రంగు చాక్‌లతో వేసేది, బట్టలు లేని అమ్మాయిలు ప్రమాదంలో ఉండే బొమ్మలు. ఎం. బ్రండేజ్ అని సంతకం చూసి మగాడనుకున్న పాఠకులు ఆవిడ ఆడమనిషని తెలిసి ఆశ్చర్యపోయారు. అలాంటి సీన్ ఉన్న కథకి అట్ట దక్కే అవకాశం ఎక్కువ అని రచయితలందరికీ అర్థమైపోయింది, డబ్బు అవసరం ఉన్న హోవర్డ్‌కి మరీనూ. జుథల్ ఆఫ్ ద డస్క్ అనే కథలో ఒక కొరడా సీన్ ఉంది, కథకి దాంతో ఏ పనీ లేదు, 1933 సెప్టెంబర్ అట్ట మీద అదే వచ్చింది. ఈ రకం కథలు మొదటి పుస్తకంలో మూడు నాలుగు ఉన్నాయి, పాడు నగరం, ఒక రాక్షసాకారం, భయపడి అరిచే అమ్మాయి, అచ్చు ఒకే మూస. అద్దె కట్టడానికి రాసినవి అనిపిస్తాయి. వాటి మీద నేనింక ఎక్కువ రాయను.

రాయాల్సింది ద టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్ గురించి. ఈ సెట్ కొనడానికి ఆ ఒక్క కథ చాలు.

ఇందులో కోనన్ కుర్రాడు, కొండల్లోంచి కొత్తగా నగరానికొచ్చాడు, అక్కడి మర్యాదలు తెలీవు, దొంగతనం కూడా ఇంకా సరిగ్గా రాదు. యారా అనే మాంత్రికుడి గోపురంలో ఏనుగు గుండె అనే ఒక మణి ఉందట, అది కొట్టేద్దామని బయల్దేరతాడు. తోటలో సింహాలుంటాయి, పైన పెద్ద సాలెపురుగు ఉంటుంది, దొంగల్లో ఆరితేరినవాడు ఒకడు తోడొచ్చి దాని చేతిలో చస్తాడు. ఇక్కడిదాకా మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే, ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం, రాకుమారుడు వెళ్ళి తెస్తాడు. మెట్లు దిగి లోపలి గదిలోకి వెళ్తాడు. అక్కడ ఒక విగ్రహం. మనిషి ఒళ్ళు, ఆకుపచ్చ చర్మం, ఏనుగు తల. ఏనుగు తల అనగానే మనకి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పక్కర్లేదు, నాకు చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఆ విగ్రహం కదులుతుంది. కోనన్ కాళ్ళు బిగుసుకుపోయి నిలబడిపోతాడు. అప్పుడు చూస్తాడు, దాని కళ్ళు గుడ్డివి. తొండం చాపి, చీకట్లో వెతుక్కున్నట్టు, ఆ కుర్రాడి మొహం తడుముతుంది, మెల్లగా, చిన్నపిల్ల చెయ్యి తడిమినట్టు. నువ్వు యారావి కాదు అంటుంది. దాని ఒంటి మీద గాయాలు, కాల్చిన వాతలు, విరిచేసిన కాళ్ళు. ఆ చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటాయి. మూడు వందల ఏళ్ళుగా ఆ గదిలో అలా ఉంది. వేరే గ్రహం నుంచి రెక్కలతో వచ్చిన జీవి, మనిషి కోతిలోంచి మనిషవడం చూసిన జీవి, యారాకి గురువై విద్య నేర్పితే వాడు ఆ విద్యతోనే కట్టిపడేసి చిత్రహింసలు పెట్టాడు.

దొంగతనానికి వచ్చిన కుర్రాడికి ఒక్కసారిగా భయం పోయి జాలి వస్తుంది. ఇది చేసింది తను కాదు, అయినా మనుషులందరూ చేసిన పాపం తన ఒక్కడి మీద పడినట్టు సిగ్గుతో కుంగిపోతాడు. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నా. తర్వాత ఏమవుతుందో చెప్పను. కత్తి ఇందులో కూడా ఉంది, కానీ ఆ కత్తిని వాడమని అడిగేది ఎవరు, ఎందుకు అనేది మీరే చదవాలి. ఇంకా ముప్ఫై కూడా నిండని కుర్రాడు, మాటకి సెంటు లెక్కన రాసిన కథ ఇది, 1933 లో అచ్చయింది. మొత్తం ముప్ఫై పేజీలు కూడా ఉండదు.

అసలు నాకు ఈ కాలం పాఠకులతో వచ్చే పేచీ ఇక్కడే. ఇప్పుడు ఫాంటసీ అంటే ఒక్కోటి వెయ్యి పేజీలు, పది భాగాలు, మంత్రానికి రూల్స్, రాజవంశాల పట్టికలు. నాకూ అవి ఇష్టమే, ఏళ్ళ తరబడి చదివా. కానీ అవి చదివి చదివి ఇటొచ్చినవాళ్ళు ఇక్కడ క్యారెక్టర్ ఎదుగుదల లేదు, ప్రపంచం సరిగ్గా కట్టలేదు అంటుంటారు. ఎదగడానికి ఇక్కడ చోటు లేదు, ఒక రాత్రిలో మొదలై తెల్లారేసరికి అయిపోయే కథ ఇది. కథకి ఎంత కావాలో అంతే ప్రపంచం చూపిస్తాడు, మిగతాది ఒక ఊరి పేరు, ఒక వాసన, దూరంగా ఒక దీపం. అంత తక్కువలో ఆ ఊరు కళ్ళకి కట్టడం ఎంత కష్టమో రాసే అలవాటున్నవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకో ఫిర్యాదు మాత్రం నేను ఒప్పుకుంటా. మాటలు తిరిగి తిరిగి వస్తాయి. చిరుతపులి పోలిక ఎన్నిసార్లు వచ్చిందో, మండే నీలికళ్ళు ఎన్నిసార్లు వచ్చాయో, ఒక దశలో నాకే చిరాకేసింది. తర్వాత ఆలోచిస్తే తప్పు నేను చదివిన తీరులో కూడా ఉంది. ఇవి రెండు మూడు నెలలకి ఒకటి చొప్పున వచ్చిన కథలు, పాఠకుడు వేరేవాళ్ళ కథలు పది చదివాక మళ్ళీ కోనన్ దగ్గరికొస్తాడు, ఆ నీలికళ్ళ మాట చూడగానే ఓ మనవాడే అని గుర్తుపడతాడు. మనం ఆదివారం కూర్చుని వరసగా నాలుగు లాగించేస్తే అదే మాట మొట్టికాయలా తగులుతుంది. రాత్రికి ఒకటి, మధ్యలో రెండు మూడు రోజులు గ్యాప్. రెండో పుస్తకం నుంచి అలా చదివా, చాలా తేడా కనిపించింది.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం. జాతి వివక్ష ఉంది. కాస్త కాదు, బాగానే ఉంది. నేను సంతోషం పట్టలేక మా బాబాయి కూతురికి మొదటి పుస్తకం ఇచ్చా, ఎక్కడ తెరిచినా ఫర్వాలేదు, అన్నీ విడివిడి కథలే అని చెప్పా. తను తెరిచింది ద వేల్ ఆఫ్ లాస్ట్ వుమెన్. రెండు రోజులకి ఫోన్ చేసింది.

"అన్నా, ఇది నువ్వు నిజంగా చదివే ఇచ్చావా?"

"ఏది చదివావ్?"

చెప్పింది. నాకు మాట రాలేదు. నల్లజాతి మనుషుల గురించి అందులో కోనన్ నోటి నుంచి వచ్చే మాటలు, తెల్లమ్మాయి ప్రాణానికి, మానానికి ఒక విలువ, మిగతా అందరికీ ఇంకో విలువ, చదవడానికే అసహ్యంగా ఉంటాయి. ఆ కథ హోవర్డ్ బతికుండగా అమ్ముడుపోలేదు, 1967 దాకా అచ్చవ్వలేదు. తప్పంతా నాదే, ముందే చెప్పి ఉండాల్సింది. అందుకే ఇక్కడ ముందే చెప్తున్నా. అది ఒక్కటే కాదు, మూడో పుస్తకంలో మ్యాన్-ఈటర్స్ ఆఫ్ జంబూలా కూడా అంతే. మొదటి పుస్తకంలో రెండో కథే ద ఫ్రాస్ట్-జెయింట్స్ డాటర్, వాక్యాలు చలి పుట్టేంత అందంగా ఉంటాయి, కానీ అందులో హీరో ఒక అమ్మాయి వెంట బలవంతం చెయ్యడానికే పరిగెడతాడు, అదీ నిజమే, దాన్ని ఇంకోలా చెప్పడం కుదరదు.

కాలం అలాంటిది అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ కాలంలో కూడా దాని దెబ్బ తిన్న మనుషులున్నారు. అలాగని అన్నీ అవతల పడెయ్యాలి అనేవాళ్ళతోనూ కుదరట్లేదు, ఎందుకంటే ఆ గుడ్డి జీవి ముందు సిగ్గుపడ్డ కుర్రాణ్ణి రాసిందీ ఈ చెయ్యే. నాకు ఈ విషయంలో దారి చూపించింది చార్ల్స్ సాండర్స్. ఆయన నల్లజాతి రచయిత, ఈ రకం కథలంటే ప్రాణం, వీటిలో తనవాళ్ళని చూపించిన తీరు మీద కోపం, రెండూ కలిపి ఆఫ్రికా నేల మీద ఇమారో అనే వీరుణ్ణి సృష్టించాడు, 1981 లో పుస్తకంగా వచ్చింది. ఇష్టాన్ని దాచుకోలేదు, కోపాన్నీ దాచుకోలేదు. మా చెల్లికి తర్వాత ఏనుగు గోపురం కథ పేజీ నంబర్ పంపా. చదివింది, బాగుంది అంది, కానీ మొదటి కథ నా మనసులోంచి పోదన్నా అని కూడా అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

రెండో పుస్తకంలోని ద పీపుల్ ఆఫ్ ద బ్లాక్ సర్కిల్ మనవాళ్ళు తప్పకుండా చదవాలి, ఎందుకంటే అది మన దేశమే. పేరు వెంధ్యా. రాజధాని పేరు అయోధ్య. ఉత్తరాన హిమేలియన్ కొండలు, అఫ్ఘులిస్తాన్, జైబర్ కనుమ. పేర్లు చూసి మొదట నవ్వొచ్చింది, రాజు పేరు భుందా చంద్ అట, కానీ కథ ఎక్కడ పట్టుకుందో తెలీలేదు. మాంత్రికులు రాజుని దూరం నుంచే మంత్రంతో చంపుతుంటారు, ఆత్మ వాళ్ళ చేతికి చిక్కకముందే నన్ను నువ్వే చంపెయ్ అని చెల్లెల్ని బతిమాలతాడు. ఆ దేవి యాస్మిన, అన్నని తన చేత్తో పొడిచి, ఆ పగతో కొండల్లోకి బయల్దేరుతుంది. ఈ దేశం గడప తొక్కకుండా, సరిహద్దు సాహస కథలు చదువుకుని టెక్సస్‌లో కూర్చుని రాశాడు కాబట్టి మన మనుషులు మనలా ఉండరు, అదొక కలలో కనిపించిన ఇండియా. కానీ యాస్మిన మాత్రం నిలబడుతుంది. చివర్లో ఆమె తన సైన్యం వైపు, కోనన్ తన కొండవాళ్ళ వైపు, ఎవరి బాధ్యత వాళ్ళది, ఎవరూ ఎవరి కాళ్ళ దగ్గరా లేరు.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇదే వియర్డ్ టేల్స్‌లో 1934 అక్టోబర్‌లో సి. ఎల్. మూర్ అనే రచయిత్రి రాసిన బ్లాక్ గాడ్స్ కిస్ వచ్చింది, కత్తి పట్టిన యోధురాలు జైరెల్ కథ. మూర్ ఇండియానాపోలిస్‌లో బ్యాంకు ఉద్యోగి, పొడి అక్షరాలతో పేరు పెట్టుకుంది ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదని. ఈ రకం కథలన్నీ మగాళ్ళు మగాళ్ళ కోసం రాసుకున్నవి అనేవాళ్ళు దాన్ని చదవాలి. ఈ సెట్‌లో అది ఉండదు, విడిగా వెతుక్కోండి.

మూడో పుస్తకం మొత్తం మీద బలమైనది. బియాండ్ ద బ్లాక్ రివర్ అడవి సరిహద్దు కథ, ఒడ్డున కొత్తగా ఇళ్ళు వేసుకున్న వలసవాళ్ళు, అవతల పిక్టులు అనే అడవి తెగవాళ్ళు. టెక్సస్ చరిత్రే మారుపేరుతో ఉంది, అక్కడి మూలవాసుల్ని చూసిన చూపు కూడా అదే పాత చూపు. కానీ బాల్థస్ అనే కుర్రాడూ, స్లాషర్ అనే కుక్కా ఉన్నారు చూడండి, ఆడవాళ్ళూ పిల్లలూ పారిపోయేదాకా దారికి అడ్డంగా ఇద్దరే నిలబడతారు. ఆ సంగతి తెలిశాక కోనన్ ఆ కుర్రాడికి బదులు పది తలలు, కుక్కకి బదులు ఏడు తలలు తీస్తానని ఒట్టేసుకుంటాడు. కుక్కకి కూడా లెక్క వేసుకున్నాడు, ఆ ఏడు అనే అంకె దగ్గర నా గొంతు పట్టేసింది.

కొనాలా అంటే కొనండి, మూడూ ఒకేసారి వద్దు. ఫాంటసీ కొత్తవాళ్ళయితే మొదటి పుస్తకం తీసుకుని ఫీనిక్స్, ఏనుగు గోపురం, క్వీన్ ఆఫ్ ద బ్లాక్ కోస్ట్, రోగ్స్ ఇన్ ద హౌస్, ఈ నాలుగు చదివి నచ్చితే ముందుకెళ్ళండి. వేల్ కథ దాటెయ్యండి, చదవాలనిపిస్తే తెలిసే చదవండి. పిల్లలకి ఇచ్చే పుస్తకం కాదు. పడుకుని చదవడానికి బరువు, కాగితం బాగుంది, షుల్ట్జ్ బొమ్మలు నలుపు తెలుపులో కథకి అడ్డం రాకుండా ఉన్నాయి, నాకు ముగ్గురిలో ఆయనే నచ్చాడు. రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగు, ఆ తగ్గిన ఒకటి ఎందుకో పైన చెప్పేశా.

రెడ్ నెయిల్స్ చివరికి ఉంచుకోండి. హోవర్డ్ పూర్తి చేసిన ఆఖరి కోనన్ కథ. పైకప్పు వేసిన ఒక నగరం, మొత్తం ఊరే ఒక ఇల్లు, లోపల రెండు వర్గాలు, తరతరాల పగ, బయటికి అడుగుపెట్టినవాడు లేడు, అక్కడ పిల్లలు పుట్టి ఏళ్ళు దాటిపోయింది. ఒక నల్లటి స్తంభం ఉంటుంది. అవతలివాడిని ఒకణ్ణి చంపినప్పుడల్లా దాంట్లో ఒక ఎర్రటి రాగి మేకు కొడతారు. కోనన్, వలేరియా అనే కత్తిసాము తెలిసిన ఆవిడ, ఇద్దరూ లోపలికి వెళ్తారు. వియర్డ్ టేల్స్‌లో అది 1936 జూలై సంచికలో మొదలై అక్టోబర్‌లో ముగిసింది. అమ్మకి ఇక స్పృహ రాదని తెలిసిన రోజు, జూన్ 11 న, హోవర్డ్ కారులో కూర్చుని కాల్చుకున్నాడు, 30 ఏళ్ళు. అమ్మ మర్నాడు పోయింది. ఆ కథ చివరి భాగం అచ్చులో ఆయన చూసుకోలేదు, అది తెలిశాక ఆ స్తంభం ఉన్న పేజీకి మళ్ళీ వెళ్ళి చదివా.